టెక్ సందేహాలు: తీర విహారానికి ముందు ఫోన్‌లో సరిచూసుకోవలసినవి

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో అత్తమామలతో, ఇద్దరు పిల్లలతో కలిసి రెండు రోజులు శ్రీకాకుళం తీరానికి కారులో వెళ్లాలనుకుంటున్నాము. చాట్‌జీపీటీని అడిగితే అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం, బారువ అన్నీ మొదటి రోజే చూడవచ్చని ప్రణాళిక ఇచ్చింది. నమ్మవచ్చా? (రాజాం నుంచి ఒక గృహిణి)

స్థలాల ఎంపిక బాగానే ఉంది గాని దూరాల లెక్క కుదరలేదు. శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం మూడూ గార మండలంలోనివే కనుక, ఉదయమే అరసవల్లి దర్శనం ముగించుకొని వాటిని అదే రోజు చూడడం సబబే. బారువ మాత్రం సోంపేట మండలంలో ఉంది; శ్రీకాకుళం నుంచి జాతీయ రహదారి మీద ఇచ్ఛాపురం వైపు దాదాపు నూరు కిలోమీటర్లు వెళ్లాలి. దానిని రెండో రోజుకు పెట్టుకుంటే, దారిలో టెక్కలి దగ్గర తేలినీలాపురంలో విడిది చేసే గూడబాతులను కూడా పిల్లలకు చూపించవచ్చు.

ఇలాంటి సాధనాలు జిల్లాలో పేరున్న చోట్లన్నిటినీ నేర్పుగా పేర్చగలవు. అయితే శాలిహుండం స్తూపాలు కొండ మీద ఉన్నాయనీ, మిట్టమధ్యాహ్నం ఎండలో పెద్దవారిని అక్కడికి తీసుకుపోవడం మంచిది కాదనీ మనం అడగనిదే చాలాసార్లు చెప్పవు. కాబట్టి అందరి వయసులు, బయలుదేరే సమయం, ఎండలో తిరగలేని గంటలు రాసి మళ్లీ అడగండి. ఆలయ దర్శన వేళలను మాత్రం దాని మాట మీద ఖాయం చేసుకోకుండా ఆలయ కార్యాలయంలోనే కనుక్కోండి.

ఆ తరువాత గూగుల్ మ్యాప్స్‌లో ఈ చోట్లన్నిటినీ ఒకే జాబితాగా భద్రపరచి, ఆ జాబితాను ఇంట్లోవారికి పంపండి. ప్రొఫైల్ బొమ్మను తాకితే వచ్చే ‘ఆఫ్‌లైన్ మ్యాప్స్’లో శ్రీకాకుళం నుంచి సోంపేట వరకు ఉన్న ప్రాంతాన్ని ఇంటి వైఫై మీదే దించుకోండి. మనం ఎక్కడ ఉన్నామో ఫోను ఉపగ్రహాల సంకేతాలతోనే తెలుసుకోగలదు, దానికి డేటా అక్కరలేదు. డేటా కావలసింది పటాన్ని తెరపైకి తెచ్చుకోవడానికే. దించుకున్న పటం కారు దారిని చూపుతుంది గాని రద్దీని, నడక దారులను చూపదు. బయలుదేరే ముందు హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ‘ఇన్‌కాయిస్’ వెబ్‌సైట్‌లో అలల హెచ్చరికలు కూడా చూడండి, ఎందుకంటే ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున కూడా ఎక్కడో దూరాన పుట్టిన పెద్ద అలలు తీరాన్ని తాకవచ్చు.

ప్రశ్న: నా ఫోనుకు ఐపీ68 రేటింగ్ ఉంది. పిల్లలు సముద్రంలో ఆడుకుంటుంటే నీటిలో దిగి వీడియో తీయవచ్చా? (చీపురుపల్లి నుంచి ఒక ఉపాధ్యాయుడు)

దిగకండి. ఆ రేటింగ్‌లో 6 అంకె దుమ్మును, 8 అంకె నీటిని తట్టుకోవడాన్ని సూచిస్తాయి. నీటి పరీక్షను ప్రయోగశాలలో, కదలని మంచినీటిలో చేస్తారు. సముద్రంలో ఉప్పూ ఉంటుంది, అలల తాకిడీ ఉంటుంది. ఛార్జింగ్ రంధ్రంలో చేరిన ఉప్పునీరు ఆరాక మిగిలే పొర, కేబులు పెట్టగానే లోహపు కొనలను తినడం మొదలుపెడుతుంది. పైగా ఫోను తెరను ఒకసారి బయట మార్పించి ఉంటే, నీరు చొరకుండా ఆపే లోపలి జిగురు పొర సరిగా కూర్చోకపోయి ఆ రేటింగ్‌కు అర్థమే లేకుండా పోవచ్చు. నీటి వల్ల కలిగిన నష్టానికి సాధారణంగా వారంటీ కూడా వర్తించదు.

పొరపాటున అలలో పడితే, వెంటనే ఆపివేసి, ఐపీ68 ఫోను కనుక కొద్దిపాటి మంచినీటితో ఉప్పును కడిగి, రంధ్రం కిందికి ఉండేలా పట్టుకొని మెల్లగా తట్టి, గాలికి ఆరబెట్టండి. పూర్తిగా ఆరేవరకు ఛార్జింగ్ పెట్టకూడదు. బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు గాని, దాని వల్ల నూక, పొడి రంధ్రంలో చేరడమే తప్ప లాభం లేదు. నీరు చొరని పౌచ్ కొంటే, ఫోనుకు బదులు మడిచిన కాగితపు రుమాలును అందులో పెట్టి, బకెట్ నీటిలో అరగంట ముంచి, తడి తగలలేదని చూసుకున్నాకే వాడండి.

ఎండ సంగతి కూడా చెప్పాలి. ఐఫోన్‌ను పరిసరాల వేడి 35 డిగ్రీలు దాటని చోట వాడాలని ఆపిల్ చెబుతుంది. తలుపులు మూసి ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద ఆ హద్దు త్వరగానే దాటిపోతుంది. వేడెక్కిన ఫోను వెలుతురు తగ్గించుకోవడం, ఛార్జింగ్ ఆపుకోవడం లోపం కాదు, బ్యాటరీని కాపాడుకునే ఏర్పాటు. నీడకు తీసుకురండి చాలు, ఫ్రిజ్‌లో పెట్టవద్దు.

ప్రశ్న: నెట్‌లో దొరికిన నంబరుకు ఫోన్ చేస్తే, గది ఖాయం కావాలంటే క్యూఆర్ కోడ్‌కు అడ్వాన్సు పంపమంటున్నారు. పంపవచ్చా? (పలాస నుంచి ఒక పాఠకుడు)

ఇప్పుడే పంపవద్దు. వెతుకులాటలో పైన కనిపించే నంబరు ఆ హోటల్‌దే కావాలని లేదు. మ్యాప్‌లోని వివరాలకు బయటివారు కూడా మార్పులు సూచించగలరు. హోటల్ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుతో పోల్చి, ఆ ఊరిలో తెలిసినవారుంటే వారితో ఒక మాట కనుక్కొని, అప్పుడు చెల్లించండి. అడ్వాన్సు తిరిగి ఇస్తామంటూ ఎవరైనా పిన్ నొక్కమంటే అది మోసమే, ఎందుకంటే యూపీఐ పిన్ డబ్బు పంపడానికే గాని అందుకోవడానికి అవసరం లేదు. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి, బ్యాంకుకు కూడా తెలియజేయండి.