ఈత లెక్క ఎక్కడ తప్పుతోంది?

ప్రశ్న: 25 మీటర్ల పూల్‌లో ఆగకుండా 1500 మీటర్లు ఫ్రీస్టైల్ ఈదుతుంటాను. ఈ గోడ నుంచి ఆ గోడకు 60 సార్లు వెళ్ళాలి. ఇరవై దాటాక ఇది 23వదా, 25వదా అన్న అనుమానం మొదలవుతుంది. లెక్క తప్పకుండా ఉండాలంటే ఏం చేయాలి? స్మార్ట్‌వాచ్ కొంటే సరిపోతుందా?

జవాబు: మీ అనుమానం 23కూ 25కూ మధ్య వస్తోంది గాని 23కూ 24కూ మధ్య రావడం లేదు. మొదలుపెట్టిన గోడకు తిరిగి వచ్చినప్పుడల్లా లెక్క సరిసంఖ్యే అవుతుంది, ఎదుటి గోడ దగ్గర బేసిసంఖ్యే అవుతుంది కనుక, ఒకటి తేడా వస్తే గోడే పట్టిస్తుంది. పొరపాటు జరిగితే రెండేసి చొప్పునే జరుగుతుంది. 800, 1500 మీటర్ల పోటీల్లో ఇంకా ఎన్ని పొడవులు (ఈ గోడ నుంచి ఆ గోడకు ఒకసారి వెళ్తే ఒక పొడవు) మిగిలాయో ఎదుటి గోడ దగ్గర కార్డులతో చూపిస్తారు. వాటి మీద బేసిసంఖ్యలు మాత్రమే ఉండడానికి కారణం ఇదే. ఆరితేరిన ఈతగాళ్ళకే ఆ ఏర్పాటు ఉన్నప్పుడు, మీకు అనుమానం రావడంలో వింత లేదు.

కాబట్టి ఒక్కో పొడవును లెక్కపెట్టడం మానేసి, వెళ్ళి రావడాన్ని ఒక రౌండుగా తీసుకోండి. అప్పుడు 60 కాస్తా 30 అవుతుంది. రెండు రౌండ్లు ఒక వంద మీటర్లు, అయిదు వందలు ఒక భాగం, అలాంటి భాగాలు మూడు అనుకుంటే, మనసులో ఎప్పుడూ అయిదుకు మించిన అంకె ఉండదు.

అయితే అసలు చిక్కు అంకె పెద్దదవడంలో కంటే, దాన్ని ఎప్పుడు అనుకుంటున్నామన్న దాంట్లో ఉంది. చాలామంది గోడ దగ్గర తిరిగేటప్పుడు అంకె మారుస్తారు. ఆ క్షణంలో ధ్యాసంతా మలుపు మీదా ఊపిరి మీదా ఉంటుంది. పైగా ‘నాలుగు’ అనుకున్నది పూర్తయిన నాలుగో వందకా, మొదలైన నాలుగో వందకా అన్నది తేల్చుకోకపోతే, అయిదారు మలుపుల తర్వాత ఎంత గుర్తుతెచ్చుకున్నా ప్రయోజనం ఉండదు. ఇప్పుడు ఈదుతున్న వంద అంకెనే పట్టుకోండి. గోడను తన్ని బయలుదేరాక, నీళ్ళలోకి ఊపిరి వదులుతూ ‘నాలుగు, రెండో రౌండు’ అని ఆ పొడవంతా అనుకుంటూ ఉండండి. ప్రతి అయిదో వందలో చివరి పొడవును వెల్లకిలా, అంటే బ్యాక్‌స్ట్రోక్‌లో ఈదితే, ఒక భాగం పూర్తయిన సంగతి ఒంటికే గుర్తుంటుంది.

గోడ గడియారాన్ని తనిఖీకి వాడుకోండి. మీకు వంద మీటర్లకు 2 నిమిషాల 15 సెకన్లు పడుతుందనుకుంటే, 500 మీటర్లకు 11 నిమిషాల 15 సెకన్లు కావాలి. 10 నిమిషాలకే పూర్తయినట్టు కనిపిస్తే మీ వేగం పెరిగిందని సంతోషించకండి; ఒక రౌండు ఎగిరిపోయి ఉంటుంది.

ఇక స్మార్ట్‌వాచ్ పనికొస్తుంది గాని, అది గోడను చూడదు. చేతి కదలికలను బట్టి, మలుపు దగ్గర గోడను తన్ని జారేటప్పుడు వచ్చే మార్పును బట్టి పొడవులను ఊహిస్తుంది. కిక్‌బోర్డ్ పట్టుకుని కాళ్ళతోనే ఈదితే చెయ్యి కదలదు కనుక ఆ పొడవులు లెక్కలోకి రాకపోవచ్చు. ఎవరికో దారి ఇవ్వడానికి లేన్ మధ్యలో ఆగి మళ్ళీ బయలుదేరితే ఒకటి అదనంగా చేరవచ్చు. పూల్ పొడవును సరిగ్గా నమోదు చేయడం మరీ ముఖ్యం. 25 గజాల పూల్ అంటే 22.86 మీటర్లు మాత్రమే. వాచ్‌లో 25 మీటర్లని పెట్టి 60 పొడవులు ఈదితే, తెర మీద 1500 కనిపించినా మీరు ఈదినది సుమారు 1372 మీటర్లే. వేలికి తొడుక్కుని బొటనవేలితో నొక్కే కౌంటర్ ఇంతకంటే సరళమైనదే, కాకపోతే నొక్కానా లేదా అన్న కొత్త అనుమానం దానితో వస్తుంది.

ఇన్ని చేసినా ఎప్పుడైనా సందేహం కలిగితే తక్కువ అంకెనే తీసుకుని ముందుకు సాగండి. మహా అయితే 50 మీటర్లు ఎక్కువ ఈదుతారు. ఆ రోజు వచ్చిన సమయాన్ని మాత్రం పాత సమయాలతో పోల్చకండి.