పంది కొక్కు పిల్లను చూసి చిట్టెలుక అనుకోకండి

ప్రశ్న: సార్వా వరి నాటి 40 రోజులైంది. చిట్టెలుకలు పిలకలను ఏటవాలుగా కొరికి పడేస్తున్నాయి. గట్టు మీద కలుగులు, వాటి నోట మట్టి కుప్పలు ఉన్నాయి. దుకాణంలో ఇచ్చిన జింకు ఫాస్ఫైడును నూకల్లో కలిపి రెండుసార్లు పెట్టాను. రెండోసారి ముట్టలేదు. మోతాదు పెంచమంటారా? ఎలుకలు పట్టే బుట్టల్లో పడినవాటి ఫోటోలు పంపుతున్నాను. – రామచంద్రపురం ప్రాంత రైతు

జవాబు: పెంచవద్దు. మీ పొలంలో ఉన్నవి చిట్టెలుకలు కావు. మొదటి రెండు ఫోటోల్లోనివి చిన్న పంది కొక్కు అనే జాతి పిల్లలు. పరిమాణం చూసి మోసపోయారు. వెనక పాదం చూడండి. ఎదిగిన చిట్టెలుకకైనా అది రెండు సెంటీమీటర్లు ఉండదు. మీరు స్కేలు పక్కన పెట్టి తీసిన పిల్లకు అప్పుడే మూడు దాటింది. చిట్టెలుక పొట్ట తెల్లన, దీనిది బూడిద రంగు, మూతి మొద్దు. మట్టి కుప్పలూ కొక్కువే. చిట్టెలుక కన్నంలో బొటనవేలు పట్టడమే కష్టం. పిల్లలు బుట్టలో పడుతున్నాయంటే తల్లి ఇంకా గట్టులోనే ఉందన్నమాట.

మూడో ఫోటోలోది అసలు ఎలుకే కాదు, చుంచు. సూది మూతి, ఆవగింజంత కళ్లు, తోక మీద అక్కడక్కడా పొడవాటి వెంట్రుకలు. పురుగులు తిని బతికే జీవి, పిలకల జోలికి రాదు. దాన్ని వదిలేయండి.

జింకు ఫాస్ఫైడు తిని బతికిన కొక్కు ఆ ఎరను మళ్లీ ముట్టదు. ముందు రెండు రోజులు మందు లేని ఎర అలవాటు చేయాలని చెప్పకుండా పొట్లం చేతిలో పెట్టడం, పని చేయకపోతే ఇంకో పొట్లం అమ్మడం దుకాణాల్లో ఏటా చూస్తున్నాను. ఆ మందుకు విరుగుడు లేదు. మీ చేలకు బాతుల మందలు వస్తాయి, ఇంట్లో పిల్లలుంటారు. మందు సలహా అమ్మేవారిని అడగడం ఇకనైనా మానండి.

ఇప్పుడు బ్రోమాడయోలోన్ 0.25 శాతం పొడి వాడండి. 960 గ్రాముల నూకలకు 20 గ్రాముల వంటనూనె పట్టించి, 20 గ్రాముల మందును చేతి తొడుగులతో, కర్రతో కలపండి. ముందుగా నాలుగు కలుగుల్లో ఉత్త నూకలు పెట్టి చూడండి. ముట్టకపోతే జొన్న రవ్వకు మారండి. మొదటి రోజు సాయంత్రం కలుగులన్నీ మట్టితో మూయండి. మర్నాడు తెరుచుకున్నవాటిలోనే 15 గ్రాముల కాగితపు పొట్లం ఒక్కొక్కటి లోపలికి తోయండి, గట్టు మీద చల్లకండి. మందు నిదానంగా పని చేస్తుంది, వారం ఓపిక పట్టండి. చచ్చినవాటిని ఒట్టి చేత్తో ముట్టకుండా లోతుగా పూడ్చండి.

పొట్ట దశ (కంకి ఇంకా ఆకు తొడిమ లోపలే ఉండే దశ) రాకముందే, ఈ వారంలోనే మొదలుపెట్టండి. కంకి వచ్చాక ఎర వైపు చూడవు. మీ ఒక్క చేనులో పెడితే పక్క గట్టు నుంచి వచ్చి అవే కలుగుల్లో చేరతాయి. మీ కాలువ కింది రైతులందరూ ఒకే రోజున పెట్టాలి. ఎకరానికి 20 బుట్టలు కొనసాగించండి. పన్నెండో రోజున కలుగులు మళ్లీ మూసి చూసి, తెరుచుకున్నవాటికే రెండో విడత పెట్టండి.