గొంగడి గుచ్చుకుంటుంది, జుట్టు గుచ్చుకోదు: ఎందుకు?

గొర్రె ఉన్ని, మన జుట్టు రెండూ కెరాటిన్ అనే మాంసకృత్తే అయినప్పుడు గొంగడి మాత్రమే ఎందుకు గుచ్చుకుంటుందని మీరు అడిగారు. ఉన్ని మీది పొలుసులే కారణమని ఇక్కడ ఇప్పటికే కొందరు రాశారు. హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్ర ప్రాక్టికల్స్ చేయించే నాకు ఆ జవాబు సరైనదిగా తోచదు.

పొలుసులు రెండింటికీ ఉన్నాయి. స్లైడు మీద రంగులేని నెయిల్ పాలిష్ పలుచగా పూసి, తడి ఆరకముందే వెంట్రుకను దాని మీద ఆనించి, ఆరాక మెల్లగా ఊడదీస్తే, మిగిలిన అచ్చులో పొలుసుల అంచులు మైక్రోస్కోప్ కింద స్పష్టంగా కనిపిస్తాయి. జనగామ వైపు కురుమల దగ్గర తెచ్చిన నల్ల ఉన్నితోనూ ఇదే చేయిస్తాను. రెండింటిలోనూ పొలుసుల అంచులు కొస వైపుకే తిరిగి ఉంటాయి. అందుకే వెంట్రుకను రెండు వేళ్ల మధ్య పొడవునా రుద్దితే అది కుదురు వైపుకే జరుగుతుంది.

ఈ నిర్మాణమంతా చర్మం లోపలే పూర్తవుతుంది. రోమకూపం అడుగున, రక్తనాళాలున్న చిన్న బొడిపె చుట్టూ కణాలు వేగంగా విభజన చెందుతూ పైకి జరుగుతాయి. వెలుపలి వరుసవి చదునై పొలుసులవుతాయి; లోపలివి కదురు ఆకారంలో సాగి, కెరాటిన్ పోగులతో నిండి కార్టెక్స్ (పొలుసుల లోపలి ప్రధాన భాగం) అవుతాయి, రంగునిచ్చే మెలనిన్ రేణువులు వాటిలోకి చేరేదీ ఈ దశలోనే. గంధకపు బంధాలతో ఆ పోగులు గట్టిపడేసరికి కణాలు చనిపోతాయి. నెలకు దాదాపు 1 సెంటీమీటరు పెరిగినా, బయటికి వచ్చిన వెంట్రుక నిర్జీవమే (నూనెల ప్రకటనలు ఏం చెప్పినా సరే).

గుచ్చుకోవడానికి అసలు కారణం పోగు మందం, దాని కొస పొట్టిగా ఉండటం. దక్కనీ గొర్రెల ఉన్నిలో ముతక పోగులు ఎక్కువ, వాటిలో చాలావాటి నడుమ మెడుల్లా అనే గాలి నిండిన బోలు భాగం ఉంటుంది. సుమారు 30 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించిన పోగు ఉన్ని దారంలో బిగుసుకుని, దాని పొట్టి కొస బయటికి పొడుచుకొస్తే, చర్మానికి తగిలినప్పుడు అది వంగదు. తల వెంట్రుక 50 నుంచి 100 మైక్రాన్ల మందం ఉన్నా, పొడవుగా ఉన్నంతకాలం పక్కకు వాలిపోతుంది. కటింగ్ చేయించుకున్నాక కాలర్‌లో పడ్డ ముక్కలు ఎంత సతాయిస్తాయో మీకు తెలిసే ఉంటుంది. కొత్త గొంగడికైతే చింతగింజల గంజి బిరుసు కూడా తోడవుతుంది కనుక, లోపల నూలు దుప్పటి వేసుకుని పైన గొంగడి కప్పుకోండి.