విండ్‌షీల్డ్ బిగింపు గురించి మేనకోడలికి

చి. సౌజన్యకు,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలు చూశాను. నీ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బండికి తెచ్చిన విండ్‌షీల్డ్, అదే హ్యాండిల్ ముందు గాలికి అడ్డంగా బిగించే ప్లాస్టిక్ అద్దం, బాగానే ఉంది. కానీ షాపువాడు "కళ్ల పైదాకా ఉండాలమ్మా, అప్పుడే గాలి కొట్టదు" అన్నాడని రాశావే, ఆ మాట పక్కన పెట్టెయ్. అద్దం గాలిని ఆపదు, పైకి లేపుతుంది. లేచిన గాలి ఎక్కడికి పోతుందో అదే మనం సరిచూసుకోవాల్సింది. హెల్మెట్ మీదుగా సాఫీగా వెళ్లిపోతే హాయి. అంచు దగ్గర సుడి తిరిగిన గాలి సరిగ్గా హెల్మెట్‌కి తగిలిందా, అద్దం లేనప్పుడే నయం అనిపిస్తుంది. తల దడదడా ఊగి, సూర్యాపేట చేరేసరికి మెడ పట్టేస్తుంది.

పైగా దీనికి వైపర్ లేదు. వానలో చుక్కలు నిండిన అద్దంలోంచి రోడ్డు కనపడదు. రాత్రి ఎదురుగా వచ్చే లారీ లైటు సన్న గీతల మీద పడితే ముందంతా తెల్లగా మెరుస్తుంది. పొద్దుగూకే వేళ పొలాల మధ్య వెళ్తే పురుగులు సరేసరి. అందుకని చూపు ఎప్పుడూ అద్దం పైనుంచే పోవాలి, లోంచి కాదు. బండి మీద మామూలుగా కూర్చున్నప్పుడు పై అంచు నీ ముక్కు కొసకీ గడ్డానికీ మధ్య రావాలి. గాలి ఆ అంచు దగ్గర ఆగిపోకుండా ఇంకొంచెం పైకి లేస్తుంది కాబట్టి అంతకంటే ఎత్తు అక్కర్లేదు. ఈ కొలత బండి సెంటర్ స్టాండు మీద ఉండగా తీసుకోకు. రెండు చక్రాలూ నేల మీద ఉండాలి, నువ్వు హెల్మెట్, జాకెట్ వేసుకుని కూర్చోవాలి, తమ్ముడెవరైనా పక్కనుంచి పట్టుకోవాలి. సీటు నీ బరువుకి దిగాక ఉండే ఎత్తే లెక్క.

ఇక బిగింపు. ముందు హ్యాండిల్ రాడ్డు మందం వెర్నియర్‌తో (మిల్లీమీటర్లు కచ్చితంగా కొలిచే పరికరం) కొలువు. మన దగ్గర ఎక్కువ బండ్లకు 22 మిల్లీమీటర్లు ఉంటుంది, కొన్ని క్రూయిజర్లకు 25.4, లావు హ్యాండిళ్లకు మధ్యలో 28.6. కిట్‌లో వచ్చే క్లాంపులు (రాడ్డుని రెండు వైపులా పట్టుకునే బిగింపు ముక్కలు) చాలావరకు పెద్ద సైజుకి చేసి, లోపల రబ్బరు ముక్క ఇచ్చి చిన్నదానికి సరిపెడతారు. ఆ రబ్బరు పోయినా, పల్చగా ఉన్నా పాత సైకిల్ ట్యూబు ముక్క చుడితే దివ్యంగా పట్టుకుంటుంది. బిగించాక క్లాంపు రెండు ముక్కల మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు మిగలాలి, రెండు వైపులా సమానంగా. రెండూ ఒకదానికొకటి ఆనుకున్నాయంటే బోల్టు బిగిసినట్టు ఉంటుంది గానీ రాడ్డుని పట్టుకోదు. నూటికి తొంభై మంది "ఎంత బిగించినా జారుతోంది" అని మొత్తుకునేది ఇక్కడే. వాళ్లు ఇంకా బిగిస్తారు, మర పోతుంది.

క్లాంపు రాడ్డు తిన్నగా ఉన్నచోట రావాలి. వంపు మీద పెడితే అంచు ఒక్కటే ఆనుతుంది. క్లచ్ వైరు, యాక్సిలరేటర్ కేబుల్, ముందు బ్రేక్ పైపు క్లాంపు కిందో, క్లాంపునీ అద్దాన్నీ కలిపే కడ్డీల మధ్యో ఇరుక్కోకుండా చూసుకో.

అన్నిటినీ ముందు వదులుగానే తగిలించు. నాలుగు కడ్డీలూ, అద్దమూ వాటి చోట్లలోకి వచ్చాక దూరంగా నిలబడి ముందునుంచి చూడు: ముందు చక్రానికి అద్దం మధ్యగీత సూటిగా ఉందా అని. పక్కనుంచి చూస్తే ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు) ఎంత వాలుగా ఉందో అద్దం కూడా ఇంచుమించు అంతే వాలుగా ఉండాలి, మొదలుపెట్టడానికి అది మంచి చోటు. అప్పుడు హ్యాండిల్ క్లాంపులు బిగించు, తర్వాత కడ్డీల కీళ్లు, అద్దం బోల్టులు చిట్టచివర. ఈ వరస తిరగేస్తే అద్దం మెలితిరిగి కూర్చుంటుంది. పైకి ఏమీ కనపడదు, ఎండకీ కుదుపుకీ రెండు నెలల్లో రంధ్రం దగ్గర పగులు మొదలవుతుంది. బోల్టు రంధ్రాలు కలవకపోతే అద్దాన్ని లాగి కలపకు, కడ్డీని జరుపు.

అద్దం బోల్టుల దగ్గరే చేతికి నిగ్రహం కావాలి. ప్లాస్టిక్‌కి రెండు వైపులా రబ్బరు గానీ నైలాన్ గానీ వాషర్ ఉండాలి, ఇనుప వాషర్ నేరుగా తగలకూడదు. వేళ్లతో బిగిసినంత బిగించి, ఆపైన ఆలెన్ కీతో పావు చుట్టు. అంతే. రబ్బరు వాషర్ కొంచెం ఉబ్బినట్టు కనిపిస్తే చాలు, పక్కకి పిండుకుని బయటికొచ్చిందంటే ఎక్కువైంది. బోల్టు ఊడకుండా ఉండాలని మెకానిక్ నీలం రంగు లాక్ జిగురు వేస్తానంటాడు, వద్దను. అద్దం పోలికార్బొనేట్ అనే ప్లాస్టిక్‌దైతే అది తగిలి లోపల నుంచి సన్నగా చిట్లిపోతుంది. దాని బదులు లోపల నైలాన్ రింగు ఉన్న నట్టు వాడు.

రంధ్రాలు కొత్తగా వేయాల్సొస్తే బోల్టు కంటే ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు పెద్దదిగా వేయించు. ఐదు మిల్లీమీటర్ల బోల్టుకు ఏడు అన్నమాట. యాక్రిలిక్ అనే ఇంకో రకం ప్లాస్టిక్‌తో చేసిన అరమీటరు అద్దం ముప్ఫై డిగ్రీల వేడి తేడాకి సుమారు ఒక మిల్లీమీటరు సాగుతుంది. తెల్లవారుజాము చలికీ మే నెల మిట్టమధ్యాహ్నం ఎండకీ మధ్య ఆ తేడా మనకి మామూలే. రంధ్రం బిగుతుగా ఉంటే సాగడానికి చోటు లేక అక్కడే చిట్లుతుంది. అంచు నుంచి రెండు సెంటీమీటర్లయినా లోపలికి ఉండాలి, వెనక చెక్కముక్క ఆనించాలి, డ్రిల్లు నెమ్మదిగా తిరగాలి. వేగంగా తిప్పితే ప్లాస్టిక్ కరిగి బిట్‌ను పట్టేసుకుని ఒక్క కుదుపుతో పగులుతుంది.

రోడ్డెక్కే ముందు ఇంజిన్ స్టార్ట్ చేసి, న్యూట్రల్లో, హ్యాండిల్‌ని ఈ చివరినుంచి ఆ చివరిదాకా తిప్పు. తిప్పుతున్నప్పుడు ఇంజిన్ చప్పుడు పెరిగిందంటే యాక్సిలరేటర్ కేబుల్ లాగుతోంది. అట్లాగే బండి తీశావంటే యూటర్న్ దగ్గర నీ ప్రమేయం లేకుండా ముందుకు దూకుతుంది. రెండు చివర్లలోనూ క్లచ్, బ్రేక్ నొక్కి చూడు, యాక్సిలరేటర్ వదిలితే టక్కున వెనక్కి రావాలి. కడ్డీ పెట్రోల్ ట్యాంకుకి తగలకూడదు, ఇండికేటర్లకి అడ్డం రాకూడదు. ఫోన్ హోల్డర్‌నీ సైడు అద్దాల కాడల్నీ కూడా ఓసారి చూసుకో, సాధారణంగా గొడవపడేవి అవే.

సరిచేయడం ఒక్కరోజులో అయ్యే పని కాదు. తెల్లవారుజామున ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు ఒకటి ఎంచుకో. 40లో ఒకసారి, 60లో ఒకసారి, ఏ తేడా లేకపోతే 80లో. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ రెండు వైపులా చూడు, లేకపోతే ఆరోజు వీచిన గాలిని అద్దం గుణమనుకుంటావు. హెల్మెట్ మార్చకు. 60లో వెళ్తూ, చూపు రోడ్డు మీదే ఉంచి, వెన్ను నిటారుగా చేసి రెండంగుళాలు పైకి లే. తల ఊగడం తగ్గి, గాలి సాఫీగా తగిలితే, అంచు దగ్గరి సుడిగాలి మామూలుగా నీ హెల్మెట్ మీద పడుతోందన్నమాట. అద్దాన్ని ఒక సెంటీమీటరు దించు. అలా కాక, తల కిందికి వంచితే నిశ్శబ్దమైపోతే అద్దం నీకు చాల్లేదు, ఒక సెంటీమీటరు ఎత్తు, లేదా కొంచెం నిటారుగా చెయ్యి. ఒకసారికి ఒక్కటే మార్చు. ఎత్తూ వాలూ కలిపి మార్చావంటే దేనివల్ల బాగుపడిందో తెలియదు. ప్రతి మార్పు ముందూ కడ్డీ మీద పెన్నుతో గీత పెట్టుకో, వెనక్కి రావడానికి పనికొస్తుంది.

ఇంకో రకం ఇబ్బంది ఉంది, చాలామంది పోల్చుకోలేరు. ఎదురుగాలి తగ్గినా వీపు మీద ఎవరో నెడుతున్నట్టు, జాకెట్ వెనకనుంచి ఉబ్బినట్టు ఉంటుంది. అద్దం వెనక గాలి పలచబడి, నీ వెనకున్న గాలి ఆ ఖాళీలోకి తోసుకొస్తుంది. దానికి ఎత్తు మార్చితే లాభం లేదు. హెడ్‌లైటుకీ అద్దం కింది అంచుకీ మధ్య రెండు మూడు వేళ్ల సందు వదులు, కింద నుంచి కాస్త గాలి లోపలికి వస్తే ఆ లాగుడు తగ్గిపోతుంది. వాన చినుకులు వస్తాయని కొందరు ఆ సందుని రబ్బరు పెట్టి మూసేస్తారు. తెలివితక్కువ పని.

అద్దం పెట్టినంత మాత్రాన చప్పుడు పోతుందనుకోకు. గాలి హోరు కొంత మిగులుతుంది, దూరప్రయాణాలకు మెత్తని ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకో.

ఇప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది విను. నీ అద్దం హ్యాండిల్‌కి బిగించింది, ఫ్రేముకి కాదు. అంటే దాని మీద పడే గాలి బలమంతా నేరుగా స్టీరింగ్‌కే వెళ్తుంది. ఆ బలం వేగంతో పాటు పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 60 నుంచి 90కి వెళ్తే ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు. లారీని దాటేటప్పుడు ముందు దాని చాటున గాలి తగ్గి, ముక్కు దాటగానే ఒక్కసారిగా పక్కకి నెడుతుంది. కృష్ణా వంతెన మీద అడ్డగాలి కూడా అంతే. బండి మెల్లగా అటూఇటూ ఊగడం మొదలైతే హ్యాండిల్‌ని బిగపట్టకు, ముందు బ్రేక్ గట్టిగా వేయకు. పట్టు కాస్త సడలించి యాక్సిలరేటర్ నిదానంగా తగ్గించు. తర్వాత ఇంటికొచ్చి కోన్‌సెట్ (హ్యాండిల్ తిరగడానికి ఉండే బేరింగులు) చూపించు. ముందు చక్రం పైకి లేపి ఫోర్కు కింది భాగం పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే టక్ టక్‌మంటే వదులు, తిప్పితే మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే అరిగిపోయింది. అద్దం లేనప్పుడు బయటపడని లోపం అద్దం పెట్టాక బయటపడుతుంది. టైర్లలో గాలి, వెనక బ్యాగుల్లో బరువు కూడా చూసుకో. ఇవన్నీ సరిగా ఉన్నా ఊగుతుంటే ఆ అద్దం నీ బండికి పెద్దదైంది, చిన్నది తీసుకోవడమే.

సింగిల్ సిలిండర్ బండి, కుదుపు ఉంటుంది. మొదటి వంద కిలోమీటర్లకి అన్ని బోల్టులూ మళ్లీ ఒకసారి చేత్తో తాకి చూడు, తర్వాత గొలుసు బిగించుకున్నప్పుడల్లా. ప్రతి నట్టు మీదనుంచి కడ్డీ మీదికి పెయింట్ మార్కర్‌తో ఒక గీత గియ్యి. గీత విరిగి రెండు ముక్కలైతే నట్టు తిరిగిందన్నట్టే, స్పానర్ లేకుండానే తెలిసిపోతుంది.

కడగడం విషయం: పొడిగుడ్డతో తుడవకు, దుమ్ము ఇసుక కాగితంలా గీస్తుంది. తడిగుడ్డ అద్దం మీద పది నిమిషాలు పరిచి ఉంచితే ఎండిన పురుగులు నానతాయి, అప్పుడు బోలెడు నీళ్లు, రెండు చుక్కల షాంపూ. అమ్మోనియా ఉండే కిటికీ అద్దాల స్ప్రేలు, పెట్రోలు, థిన్నర్ దగ్గరికి రానీకు. పెట్రోల్ కొట్టించేటప్పుడు చుక్క పడితే వెంటనే కడిగెయ్. ఎండలో బండి నిలిపేటప్పుడు సూర్యుడు వెనకవైపు ఉండేలా పెట్టకు, అద్దం లోపలి వంపు ఎండని పోగుచేసి మీటరు మీదికి తిప్పితే ప్లాస్టిక్ పాడవుతుంది. తప్పకపోతే లోపలివైపు ఓ తువ్వాలు వేసెయ్.

రంధ్రం దగ్గర వెంట్రుకంత పగులు కనపడితే పగులు కొసన మూడు మిల్లీమీటర్ల చిన్న రంధ్రం వేస్తే అది కొన్నాళ్లు పాకకుండా ఆగుతుంది. ఆలోపు కొత్త అద్దం తెప్పించుకో. రబ్బరు వాషర్లూ బోల్టులూ ఒక సెట్టు అదనంగా కొని టూల్ కిట్‌లో వేసుకో, కిట్‌లో వచ్చే సైజు దారిలో ఏ పంక్చరు షాపులోనూ దొరకదు.

ఇట్లు,
మావయ్య