ఆశ్రమం సీన్‌కి జూనియర్ ఆర్టిస్టుగా వెళ్తున్న తమ్ముడికి

తమ్ముడూ, రామతీర్థం దగ్గర తీసే ఆశ్రమం సినిమాలో భక్తుడి వేషం ఇస్తామన్నారు, జూనియర్ ఆర్టిస్టు కార్డు కోసం రెండు వేలు కట్టాలి, తెల్లబట్టలు మీవే అన్నారు, ఏం చేయాలి అని అడిగావు. డబ్బు కట్టకు. జనంలో కూర్చునే పనికి వాళ్లే నీకు బేటా, అంటే రోజు కూలీ, ఇవ్వాలి గానీ, ఎదురు నువ్వు ఇవ్వడమేంటి? బేటా ఎంత, సాయంత్రమే చేతికిస్తారా, తిరిగి రావడానికి బండి ఉందా, ముందే అడుగు.

బట్టలు కొత్తవి కొనొద్దు. మిలమిల మెరిసే తెలుపు ఎండలో కెమెరాకి పనికిరాదు. పొందూరు ఖద్దరులా కాస్త మెరుపు తగ్గిన తెలుపు బాగా పడుతుంది. తాతగారి పంచె ఉంటే అదే చాలు.

భజన సీన్లో హీరో మాట్లాడుతుంటే మీరంతా గొంతు లేకుండా పెదాలే ఆడించాలి. చప్పట్లు కూడా అరచేతులు తగలకుండా కొట్టాలి. మొదట్లో నవ్వొస్తుంది, ఆపుకో! భోజనానికి లేచే ముందు ఎవరి పక్కన కూర్చున్నావో, కండువా ఏ భుజం మీదుందో గుర్తుపెట్టుకో. తర్వాతి షాట్‌లో అది మారిందంటే అసిస్టెంట్ డైరెక్టర్ అరుపులు రామతీర్థంలోని బోడికొండ మీదికి వినిపిస్తాయి.

గుండు చేయించుకోమంటే మాత్రం, దానికి రేటు విడిగా మాట్లాడుకున్నాకే తల వంచు.