సీటు వదులుకునే ముందు గంటల లెక్క వేయండి

ప్రశ్న: మాది బరంపురంలో స్థిరపడిన తెలుగు కుటుంబం. నాకు 34 ఏళ్లు. డిగ్రీ కాగానే పెళ్లి కావడంతో చదువు ఆగిపోయింది. ఇప్పుడు బరంపురం విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ఇంగ్లీషు సీటు వచ్చింది. బాబుకు నాలుగేళ్లు, పాపకు ఏడాదిన్నర. మావారు బట్టల దుకాణంలో గుమస్తాగా పనిచేస్తున్నారు. పిల్లలిద్దరినీ రోజంతా చూసుకోవడానికి ఒక ప్రైవేటు క్రెష్ అడుగుతున్న రుసుము ఆయన జీతంలో మూడో వంతు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. పాపను ఇచ్ఛాపురంలో మా అమ్మ దగ్గర ఉంచమని కొందరు, సీటు వదిలేసి దూరవిద్యలో చేరమని కొందరు చెబుతున్నారు. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: క్రెష్ రుసుమును మీరు మీ చదువు ఖర్చుగానే లెక్కిస్తున్నట్టు మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఇన్నాళ్లూ ఆ పని మీరే చేస్తూ వచ్చారు కాబట్టి, దానికి ఎవరూ వెల కట్టలేదు కాబట్టి, అది ఇప్పుడు మీ మూలంగా కొత్తగా వచ్చిపడిన భారంలా కనిపిస్తోంది. పిల్లలు మీ ఇద్దరికీ పిల్లలే కదా. ఆ ఖర్చును ఇంటి అద్దె, బియ్యం, మందుల సరసన ఇంటి పద్దులో రాసి, మీవారితో కూర్చుని మాట్లాడండి. అలా రాసుకున్నప్పుడే దాన్ని ఎంతవరకు తగ్గించవచ్చో ఇద్దరికీ స్పష్టంగా తెలుస్తుంది.

క్రెష్ వారు చెప్పింది ఇద్దరు పిల్లలకు, రోజంతటికీ. మీకు కావలసింది అంత కాకపోవచ్చు. టైమ్‌టేబుల్ చేతికి రాగానే తరగతుల వేళలను, ఊరి బయట విశ్వవిద్యాలయం ఉన్న భంజ విహార్‌కు వెళ్లి వచ్చే సమయాన్ని, గ్రంథాలయంలో గడపవలసిన సమయాన్ని కలిపి, వారానికి ఎన్ని గంటలు మీరు ఇంట్లో ఉండరో కాగితం మీద వేయండి. ఆ గంటలకు మాత్రమే ఎంత తీసుకుంటారో అడగండి.

బాబు విషయం తేలిక. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అంగన్‌వాడీలో పూర్వ ప్రాథమిక విద్య, వేడి భోజనం ఉచితం. అక్కడ బోధన ఒడియాలో సాగుతుందని మన కుటుంబాలు కొన్ని వెనకాడుతుంటాయి కానీ, ఈ ఊళ్లో పెరిగే బిడ్డకు ఆ భాష చిన్ననాడే పట్టుబడటం మేలే. తెలుగు ఎలాగూ ఇంట్లో ఉంటుంది. అంగన్‌వాడీ నడిచేది కొన్ని గంటలే కనుక మధ్యాహ్నం ఎవరో ఒకరు ఉండాలి. మోకాళ్ల నొప్పులున్న అత్తగారు, అన్నం తిని వచ్చిన నాలుగేళ్ల మనవణ్ని చూసుకోగలరేమో గాని, ఏడాదిన్నర పిల్ల వెంట పరుగెత్తలేరు. ఆమెను అడిగే సాయం అంతకు మించకుండా చూడండి.

అసలు చిక్కు పాపది. కేంద్ర ప్రభుత్వ ‘పాల్నా’ పథకం కింద క్రెష్‌తో కూడిన అంగన్‌వాడీ కేంద్రాలు ఉన్నాయి. ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలను నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు అక్కడ చూసుకోవాలన్నది నియమం. తల్లి ఉద్యోగి అయి ఉండాలన్న షరతు లేదు కనుక చదువుకునే తల్లి కూడా నిస్సంకోచంగా అడగవచ్చు. మీకు అందుబాటులో అలాంటి కేంద్రం ఉందేమో అంగన్‌వాడీ కార్యకర్తను, అంగన్‌వాడీలను పర్యవేక్షించే శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి (సీడీపీఓ) కార్యాలయాన్ని అడగండి. లేకపోతే ప్రైవేటు క్రెష్‌లో పాప ఒక్కదానికే, మీ తరగతుల వేళలకే మాట్లాడుకోండి.

ఒడిశా ప్రభుత్వం 2024 సెప్టెంబరులో మొదలుపెట్టిన ‘సుభద్ర’ పథకంలో అర్హులైన మహిళలకు ఏడాదికి రూ. 10,000 రెండు విడతలుగా అందుతుంది. నెలకు చూస్తే ఎనిమిది వందల పైచిలుకు. మీకది వస్తుంటే పాప రుసుముకే కేటాయించండి. అయితే ఇతర ప్రభుత్వ పథకాల కింద ఉపకారవేతనం వంటి రూపంలో నెలకు రూ. 1,500 లేదా అంతకు మించి అందుకునేవారు సుభద్రకు అనర్హులు కనుక, ఉపకారవేతనానికి దరఖాస్తు చేసే ముందు రెండింటినీ పోల్చి చూసుకోండి. ఏం జరిగినా నెలవారీ రుసుము కోసం బంగారం తాకట్టు పెట్టవద్దు. ప్రతినెలా వచ్చే ఖర్చుకు అప్పు చేస్తే, అది చదువు ముగిసేలోపే మీ మెడకు చుట్టుకుంటుంది.

ఇక హాజరు. చాలాచోట్ల 75 శాతం తప్పనిసరి. పాపకు జ్వరం వచ్చిన రోజున మీరు వెళ్లలేరు. డిగ్రీ, పీజీ విద్యార్థినులకు ప్రసూతి సెలవు, హాజరులో సడలింపు వంటి వాటిపై తగిన నిబంధనలు రూపొందించుకోవాలని 2021 డిసెంబరులో విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) విశ్వవిద్యాలయాలకు లేఖ రాసింది. దాన్ని ప్రస్తావిస్తూ, ఇక్కడి నిబంధన ఏమిటో చేరిన మొదటి వారంలోనే విభాగాధిపతిని లిఖితపూర్వకంగా అడగండి. హాజరు తగ్గాక వెళ్లి బతిమాలడం కంటే ఇది ఎంతో నయం.

పాపను ఇచ్ఛాపురం పంపడం నాకు సమ్మతం కాదు. రెండేళ్లంటే ఆ పసిదానికి ఇప్పటిదాకా గడిచిన వయసు కంటే ఎక్కువ. పరీక్షల రోజుల్లో మీ అమ్మగారే బరంపురం వచ్చి ఉండేలా ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

దూరవిద్య తక్కువదేమీ కాదు. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో)లో ఎం.ఏ. ఇంగ్లీషును రెండు నుంచి నాలుగేళ్లలో ముగించవచ్చు. యూజీసీ గుర్తింపు ఉన్న దూరవిద్య పట్టా మామూలు పట్టాతో సమానం. కానీ దానికీ చదివే గంటలు కావాలి. ఇంట్లోనే ఉన్నారు కదా అని ఆ గంటలను ఎవరూ లెక్కలోకి తీసుకోరు, చదువు అర్ధరాత్రికి వాయిదా పడుతుంది. అందుకే ముందు వచ్చిన సీటులో చేరి ఒక సెమిస్టరు చూడమంటాను. మీ ఆరోగ్యమో, ఇంటి డబ్బో నిలవడం లేదని తేలితే ఇగ్నోకు జనవరి విడత ప్రవేశాలు కూడా ఉంటాయి. అప్పుడు కూడా పాపకు రోజూ కనీసం మూడు గంటల క్రెష్ మానిపించకండి.