అల్లుడూ, ఆ నీలం లైట్లు కొనే ముందు

చిరంజీవి అల్లుడికి,

చిత్తూరు నుంచి మామ రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మొన్న కాణిపాకం వచ్చినప్పుడు నువ్వు ఫోన్‌లో చూపించిన జెనాన్ కిట్, అదే హెడ్‌లైట్లో మార్చి పెట్టే ఆ నీలం బల్బుల సెట్టు, సంగతి ఇంటికొచ్చాక కూడా తలలోనే తిరుగుతోంది. గుడి దగ్గర జనంలో నిలబడి చెప్పేది కాదని ఆ రోజు ఊరుకున్నా. ఫోన్ చేసి చెబితే సగం విని "సరే మామా" అంటావు, ఆ మిగతా సగమే అసలు విషయం. అందుకే కాగితం మీద పెడుతున్నా.

నీ బాధ నాకు తెలుసు. శనివారం రాత్రి తిరుపతిలో డ్యూటీ దిగి మదనపల్లెకు బయల్దేరతావు. భాకరాపేట ఘాట్ ఎక్కేసరికి నీ పన్నెండేళ్ల కారు లైట్లు కిరసనాయిలు బుడ్డీల్లా ఉంటాయి. మలుపులో లారీ ఎదురొస్తే తారు ఎక్కడ అయిపోయిందో, లోయ ఎక్కడ మొదలైందో తెలియదు. ఇంకాస్త వెలుతురు కావాలనుకోవడం తప్పని ముప్పై ఐదేళ్లు బండ్ల వైరింగ్ చేసిన నేను అనను. ఆ కిట్ మాత్రం వద్దంటున్నా. ఎందుకంటే ఒకప్పుడు నేనే వేసుకున్నా.

అప్పట్లో మా అంగడికి ఎవరో తెచ్చి చూపిస్తే మోజుపడి నా కారుకే బిగించా. 8000 కెల్విన్ అని డబ్బా మీద రాసుంది, అది వెలుగు రంగు నంబరు. రాత్రి లైటు వేస్తే వీధి అంతా నీలంగా వెలిగిపోయేది. చూసినోళ్లంతా "ఏం లైట్లు సామీ" అంటుంటే నేనూ కాలరెగరేశా. నెల తిరగలేదు. బంగారుపాళ్యం దగ్గర ఆగిపోయిన లారీని చూడమని కబురొస్తే రాత్రిపూట స్కూటర్ మీద పోతున్నా. ఎదురుగా తెల్లటి వెలుగు వచ్చి కళ్లలో గుచ్చుకుంది. రెండు క్షణాలు ఏమీ కనపడలేదు. బ్రేకు గట్టిగా పట్టేశా. కళ్లు సర్దుకున్నాక చూస్తే చెరకు గడల కొసలు నా ముఖానికి మూరెడు దూరంలో ఉన్నాయి. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ, రోడ్డు వారగా ఆపి ఉంది. ఆ బండివాణ్ణి తిట్టుకుంటూ ఇంటికొచ్చా. అన్నం తినేటప్పుడు మీ బావ అన్నాడు: "బంగారుపాళ్యం దగ్గర చెరకు ట్రాక్టర్ వెనక ఎవరో స్కూటరాయన తడబడ్డాడు నాన్నా, స్లో చేశా, ఫర్వాలేదనిపించి వచ్చేశా." వాడు ఆ రోజు పలమనేరు పోయింది నా కారులోనే. హైబీమ్‌లో ఉన్నావా అని గట్టిగా అడిగా. "డిమ్‌లోనే ఉంది" అన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు వాడు.

మర్నాడే విప్పేశా. ఆ రెండు బల్బులూ, వాటిని వెలిగించే డబ్బాలు బ్యాలస్టులూ ఇప్పటికీ బీరువా పైన బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి.

డిమ్‌లో ఉన్నా ఎందుకు అలా కొట్టింది? నీ కారులో ఉండేది హెచ్4 బల్బు. దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడు, గాజు మాత్రం పట్టుకోకు. లోపల రెండు ఫిలమెంట్లు ఉంటాయి. డిమ్ ఫిలమెంటు కింద చిన్న గరిటెలాంటి రేకు ఉంటుంది. అది కిందికి పోయే వెలుతురును ఆపేస్తుంది. దాంతో వెనకున్న మెరిసే గిన్నె (రిఫ్లెక్టర్) పై సగం మీద మాత్రమే పడి, అక్కణ్ణుంచి కిందికి వంగి రోడ్డు మీదికి పోతుంది. ఆ రిఫ్లెక్టర్ వంపంతా ఆ సన్నటి తీగ ఉండే చోటును బట్టి లెక్కగట్టి చేసినది. తీగ ఒక్క మిల్లీమీటరు జరిగినా లెక్క తప్పుతుంది.

జెనాన్ బల్బులో తీగే ఉండదు. జెనాన్ వాయువు, కొన్ని లవణాలు నింపిన చిన్న గాజు గుళికలో రెండు మొనల మధ్య నిప్పురవ్వ నిలబడి వెలుగుతుంది. దాన్ని అంటించడానికి బ్యాలస్ట్ ఇరవై వేల వోల్టులకు పైగా ఒక్క దెబ్బ కొడుతుంది, తర్వాత 35 వాట్లతో నడిపిస్తుంది. వెలుతురు మూడు వేల ల్యూమెన్లు దాటుతుంది. నీ హెచ్4 డిమ్ సుమారు వెయ్యి ఇస్తుంది. మూడింతలు అనగానే నీకు నోరూరుతుంది, తెలుసు. కానీ ఆ వెలుగు విల్లులా వంగి, లావుగా ఉంటుంది, తీగ ఉండాల్సిన చోట ఉండదు. రిఫ్లెక్టర్ పాపం తనకు తెలిసిన వంపులో విసురుతుంది, అది ఎదుటివాడి కళ్లలో, చెట్ల కొమ్మల్లో పడుతుంది. పైగా హైబీమ్ కోసం కిట్లో చిన్న కాయిల్ పెట్టి బల్బునే ముందుకూ వెనక్కూ లాగుతారు. వేడికీ దుమ్ముకూ అది ఇరుక్కుపోయి, ఎప్పటికీ హైబీమ్‌లోనే ఉండిపోయిన బండ్లు నా దగ్గరికి చాలానే వచ్చాయి.

ఇంకో సంగతి. కారు ముందర పదడుగుల్లో రోడ్డు తెల్లగా మెరిసిపోతుంటే బాగా కనిపిస్తున్నట్టే ఉంటుంది. నీ కంటిపాప ఆ వెలుగుకు చిన్నదై, దూరంగా ఉన్నది కనపడకుండా పోతుంది. పలమనేరు వైపు రాత్రిళ్లు ఏనుగులు రోడ్డెక్కుతాయి. అక్కడ నీకు పనికొచ్చేది దూరపు చూపే.

కంపెనీలు ఇవ్వట్లేదా అంటావు. ఇస్తాయి. బీఎండబ్ల్యూ వాళ్లు 1991లోనే 7 సిరీస్ కారులో పెట్టారు. దానికి లెన్సూ రిఫ్లెక్టరూ అన్నీ వేరేగా తయారుచేసుకున్నారు. యూరప్‌లో 2000 ల్యూమెన్లు దాటిన బల్బు పెడితే లైటు ఎత్తు దానంతటదే సర్దుకోవాలి, గాజు కడిగే నీళ్ల పంపూ ఉండాలి. వాళ్లు వాడేది కూడా 4300 కెల్విన్ ప్రాంతంలోది, చూడ్డానికి కాస్త పసుపుగానే ఉంటుంది. నంబరు పెరిగి నీలం ఎక్కేకొద్దీ అవే 35 వాట్లకు వచ్చే వెలుతురు తగ్గుతుంది. 8000 అంటే షోకు, అంతే. తిరుమల కొండ మీద డిసెంబరు మంచులో అది వేసి చూడు, ఎదురుగా దుప్పటి కట్టినట్టుంటుంది.

మరి నీ బండికి ఏం చేయాలి? ముందు కరెంటు చూడాలి. పోయినసారి నువ్వు వచ్చినప్పుడు ఊరికే ఉండలేక మల్టీమీటర్ పెట్టి చూశా, నీకు చెప్పలేదు. ఇంజన్ ఆన్‌లో బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు, బల్బు గుచ్చే కప్లర్ దగ్గర 12.3. మధ్యలో సన్నటి పాత తీగలు, స్టీరింగ్ కింద స్విచ్చు, తుప్పుపట్టిన ఎర్తు మింగేస్తున్నాయి. నీ హెచ్4 లాంటి హాలోజన్ బల్బుకు వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుతురు దాదాపు మూడో వంతు పోతుంది. నీకు అంతకన్నా ఎక్కువే పోతోంది. మందం తీగలతో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) ఉన్న హార్నెస్ ఒకటి వేసి, బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టి నేరుగా బల్బుకు ఇస్తే సరి. పాత స్విచ్చు రిలేను లేపడానికే పనికొస్తుంది. కప్లర్ గోధుమ రంగులోకి మాడి ఉంటే అదీ మార్చాలి. బల్బులు మంచి కంపెనీవి, 60/55 వాట్లవే (హైబీమ్ 60, డిమ్ 55), రెండూ ఒకేసారి. 100/90 జోలికి పోకు, రిఫ్లెక్టర్ పూత మాడుతుంది, అది చట్టానికీ విరుద్ధం. బిగించేటప్పుడు గాజుకు వేలు తగిలితే చేతి జిడ్డు ఉన్నచోట వేడెక్కి పగులుతుంది, స్పిరిట్‌తో తుడువు.

తర్వాత హెడ్‌లైట్ ముందరి ప్లాస్టిక్. ఎండకు పసుపెక్కి, పాత కళ్లద్దాల్లా మసకబారి ఉంది. 800, తర్వాత 1500, ఆఖర్న 2000 నంబరు నీటి గరుకు కాగితంతో తడుపుతూ రుద్ది, మెరుగు పెట్టే కాంపౌండ్ పట్టిస్తే కొత్తదిలా తేరుతుంది. పైన ఎండను ఆపే పూత వేయాలి, లేకపోతే ఏడాదిలో మళ్లీ అదే కథ.

ఆఖరుది అలైన్‌మెంట్, అంటే వెలుగు ఎంత ఎత్తున పడాలో సరిచేయడం. దీన్ని ఎవరూ పట్టించుకోరు, నాకైతే అన్నిటికన్నా ఇదే ముఖ్యం. మా మిద్దె వెనక గోడ ఉంది కదా, అక్కడ నేల సమంగా ఉంటుంది. టైర్లలో గాలి సరిచూసి, డ్రైవర్ సీట్లో నువ్వు కూర్చుని, డ్యాష్‌బోర్డు దగ్గర లైటు ఎత్తు తిప్పే చక్రం సున్నాలో పెట్టి, గోడకు ఇరవై ఐదడుగుల దూరంలో ఆపాలి. బల్బు మధ్య భాగం ఎంత ఎత్తులో ఉందో కొలిచి గోడ మీద టేపు అంటించాలి. డిమ్ వేస్తే వెలుతురు పై గీత ఆ టేపుకు మూడంగుళాలు కిందే ఉండాలి. ఎడమ వైపు గీత కాస్త పైకి లేస్తుంది, నడిచే మనుషులూ రోడ్డు అంచూ కనపడాలని అలా చేశారు. కుడివైపు లేస్తోందంటే అది కుడిపక్క నడిచే దేశాలకు చేసిన లైటు, పనికిరాదు. తిరుమలకు ఐదుగురు ఎక్కి డిక్కీ నింపినప్పుడు ఆ చక్రాన్ని 2 మీదికో 3 మీదికో తిప్పు. ఘాట్‌లో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు, ఎదురు బండి రాదని చాలామంది ఇష్టమొచ్చినట్టు వేస్తారు. ముందరి కారు డ్రైవరుకు అద్దంలోంచి ఆ మంట తగులుతూనే ఉంటుంది.

ఇవన్నీ చేశాక కూడా చాలదనిపిస్తే అప్పుడు ప్రొజెక్టర్, అంటే ముందర గుండ్రటి లెన్సు ఉండే హెడ్‌లైట్, సంగతి మాట్లాడుకుందాం. దాని లోపలి రేకు తెర వెలుతురును కత్తితో కోసినట్టు కోస్తుంది, జెనాన్‌కు అది సరైన ఇల్లు. కానీ హెడ్‌లైట్‌ను వేడిచేసి విప్పి, మళ్లీ అంటించాలి. ఆ అంటింపు కుదరకపోతే మొదటి వానకే లోపల నీటిచుక్కలు. పైగా అదీ బండి మార్పు కిందకే వస్తుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, ఒక్కోసారి రెండూ రాసి పెట్టారు.

వచ్చే ఆదివారం సాయంత్రానికి బండి తీసుకురా, చీకటి పడితేగానీ గోడ పని జరగదు. రిలే, తీగలు నా దగ్గర ఉన్నాయి, బల్బులు మాత్రం నువ్వు తెచ్చుకో. అంగడివాడికి అడ్వాన్సు ఇచ్చి ఉంటే ఈ రోజే పోయి వెనక్కి అడుగు, కిట్ సీలు తీయకముందే. మీ అమ్మను కూడా తీసుకురా, అత్త రాగిసంకటి చేస్తానంటోంది.

ఇట్లు,
మీ మామ